ఎడమకు తిరగని హ్యాండిల్

ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనిపనికి పోయేవాళ్లు పొద్దున గడప దాటగానే సైకిలు ముందు చక్రాన్ని కొంచెం పైకి లేపుతారు. హ్యాండిల్‌ను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి చూస్తారు. ఏ వైపు తిరగకపోతే ఆ రోజు ఆ వైపు పోరు. పోయినవాళ్లు తిరిగి రాలేదు. పొద్దు గుంకాక హ్యాండిల్ దానంతటదే వదులవుతుంది, మర్నాడు మామూలుగా పనికి పోతారు. 'సైకిలు తిరగలేదు' అంటే మేస్త్రీ కూడా మారు మాట్లాడడు. ఆ పూట కూలి ఇవ్వడు, అంతే. మోటారు సైకిళ్లకు ఈ గుణం లేదు. అందుకని బండి కొన్నవాళ్లు కూడా ఇంట్లో ఒక పాత సైకిలు ఉంచుకుంటారు. పొద్దున దాన్ని తిప్పి చూసి, బండెక్కి పోతారు.

బిగుసుకున్న ప్రతి హ్యాండిలూ చావు కబురు కాదు. ఎక్కువసార్లు అది రాతి దుమ్మే. ఏది ఏదో తేల్చేది లారీలు మలుపు తిరిగేచోట సైకిలు రిపేరు షాపు పెట్టుకున్న నరసన్న. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపుతాడు. ఫోర్కు మొదట్లో టకటకమంటే నట్టు వదులు. చక్రం ఎత్తి తిప్పినప్పుడు రెండు వైపులా బరువుగా ఉంటే నట్టు బిగువు. గరగరమంటే దుమ్ము. నడిమధ్యలో గుంటలో పడినట్టు ఆగితే గుండ్లు తిరిగే కప్పులు అరిగాయి. చావు అయితే వీటిలో ఏదీ ఉండదు. హ్యాండిల్ నూనె రాసినట్టు వచ్చి, ఒకచోట గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. అలాంటిదాన్ని నరసన్న విప్పడు. 'ఇంటికి పోప్పా' అంటాడు.

వారం కిందట, పని సెలవురోజు మధ్యాహ్నం, ఈరక్క మొగుడి సైకిలు నడిపించుకుని వచ్చింది. ఆలూరు పక్క నుంచి వలస వచ్చిన మొగుడూ పెళ్లాలు. ఆమె రాళ్ల పాలిషు యూనిట్‌లో పని చేస్తుంది. మొగుడు కంబన్న గనిలో రాయి కొడతాడు.

"ఎడమకు తిరగకుండా చెయ్యన్నా" అంది.

"తిరిగేటట్టు చెయ్యమని వస్తారు గానీ, ఇట్లా అడిగినోళ్లు ఎవురూ లేరమ్మా."

"మా ఇంటికి ఎడమపక్కుండే పాత గనిలోకి ఆయప్పను దించుతారంట. వానలకు గోడ పగిలి ఉండాది. నేను చెప్తే ఇనడు. సైకిలు చెప్తే ఇంటాడు."

"సైకిలుతో అబద్ధం చెప్పిస్తాండావు."

"ఒక వారం చాలు. అంతలోకి మేస్త్రీ ఇంకొగర్ని చూసుకుంటాడు."

"ఆ ఇంకొగడు పోతాడు గదమ్మా."

ఈరక్క రోడ్డు వైపు చూసింది. "వానికి వాని సైకిలు ఉంటాది" అంది.

నరసన్న గ్రీజు డబ్బా మూత అంచు నుంచి చిన్న రేకు ముక్క కత్తిరించాడు. ఫోర్కు విప్పి, కింది కప్పులో గుండ్ల పక్కన దాన్ని వంచి ఇరికించాడు. కుడికి బాగానే తిరిగింది. ఎడమకు సగంలో పట్టేసింది. అచ్చం గోడకు తగిలినట్టు లేదు గానీ, పట్టి చూసేది కంబన్నే కాబట్టి చాలనుకున్నాడు.

వాళ్లిద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. రేకు ముక్కకు పొద్దు గుంకడంతో పని లేదు.

ఆ వారమంతా కంబన్న ఇంట్లోనే ఉన్నాడు. పొద్దునా సాయంత్రం హ్యాండిల్ తిప్పి చూశాడు. వారం తిరిగిన రోజు పొద్దున్నే షాపు ముందు సైకిలు నిలబెట్టాడు.

"ఏమప్పా కంబన్నా, ఇంట్లో కోడిపెట్ట మాదిరి పొదుగుతాండావంట" అన్నాడు బోజ్జన్న. గనికి లారీ తోలే మనిషి. నరసన్న దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

"పిల్లలయితే నీకూ ఒకటి ఇస్తాలేప్పా" అని కంబన్న నరసన్న వైపు తిరిగాడు. "చావు పగలు వస్తాది, పొద్దుమునిగితే పోతాది. ఇది రాత్రి కూడా కదల్లేదన్నా. లోపల ఏందో పడినట్టుండాది. విప్పు. ఈ పొద్దు పోకుంటే మేస్త్రీ నన్ను తీసేస్తాడు."

నరసన్న ఏదో పని ఉందన్నాడు. రేపు రమ్మన్నాడు. కంబన్న స్పానరు తీసి అతని చేతిలో పెట్టాడు.

హ్యాండిల్ బోల్టు వదులు చేసి సుత్తితో తట్టాడు నరసన్న. పై నట్టు తిప్పి, ఫోర్కు కిందికి దించాడు. గుండ్లు కిరసనాయిలు పళ్లెంలో పడ్డాయి. వాటితోపాటు రేకు ముక్క పడింది. నల్ల గ్రీజు కరిగేకొద్దీ దాని ఎర్ర రంగు తేలింది. కంబన్న దాన్ని వేలితో తీసి తుడిచాడు. గ్రీజు డబ్బా మూత వైపు చూశాడు. ఎర్ర మూతకు అంచున తెగిన చోటు సరిగ్గా అంతే ఉంది.

"ఈరక్క చెప్పిందా?"

"ఆయమ్మ భయపడిందప్పా."

కంబన్న రేకు ముక్కను పళ్లెంలో వేశాడు. "బిగించు" అన్నాడు.

నరసన్న కప్పులు తుడిచి, కొత్త గ్రీజు పట్టించి, గుండ్లు పేర్చి, ఫోర్కు ఎక్కించాడు. నట్టు కొంచెం కొంచెంగా బిగించాడు. బ్రేకు పట్టి ఊపితే చప్పుడు లేదు. చక్రం ఎత్తి కుడికి తిప్పాడు. నీళ్ల మాదిరి పోయింది. ఎడమకు తిప్పాడు. సగం వచ్చి, గోడకు తగిలినట్టు ఆగింది.

ఇంకోసారి తిప్పాడు. గరగర లేదు, బరువు లేదు. ఆగింది.

"కంబన్నా, ఇది నేను పెట్టింది కాదు."

"ఇందాకటిది కూడా నువ్వు పెట్టింది కానట్టే మొగం పెట్టింటివి."

"నా బిడ్డల మీద ఒట్టు. నువ్వే పట్టి చూడు."

కంబన్న పట్టి చూడలేదు. "ఈసారి ఏ డబ్బా కత్తిరిస్తివి?" అని, లారీ వైపు నడిచాడు. "బోజ్జన్నా, యాడికి, గనికేనా? నన్ను దించిపో."

లారీ మలుపు తిరిగేదాకా నరసన్న పిలుస్తూనే ఉన్నాడు. తర్వాత ఈరక్కకు ఫోను చేశాడు. సైకిలును మళ్లీ విప్పాడు. ఒక ఇసుక రేణువు దొరికినా చాలనుకున్నాడు. కప్పులను ఎండలో పెట్టి చూశాడు, గుండ్లను ఒక్కొక్కటే అరచేతిలో దొర్లించాడు. అన్నీ నున్నగా ఉన్నాయి. బిగించి తిప్పాడు. ఆగింది. మళ్లీ విప్పాడు.

ఈరక్క వచ్చేసరికి మోచేతుల దాకా తెల్లటి రాతి పిండి. మొగుడికి ఫోను చేస్తూనే వచ్చింది. మోగుతోంది, ఎత్తడం లేదు. నరసన్న బోజ్జన్నకు ఫోను చేసి, కంబన్నను వెనక్కి తెమ్మన్నాడు.

"దించేసి లోడుకు వచ్చేసినా" అన్నాడు బోజ్జన్న. "ఏందన్నా? సరే, ఎనక్కి తిప్పుతా. లారీలు అడ్డం ఉండాయి, టైం పడతాది."

ఈరక్క సైకిలు దగ్గరికి పోయి హ్యాండిల్ పట్టుకుంది. ఎడమకు నెట్టింది. రాలేదు.

"ఇంకా బిగువుగానే ఉండాదన్నా" అంది.

"ఉండనీమ్మా. అట్లనే ఉండనీ."

హ్యాండిల్ బిగువుగా ఉన్నంతసేపూ చావు ఇంకా రానట్టే, కంబన్న బతికి ఉన్నట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె రెండు చేతులా పట్టుకుని నెడుతూనే ఉంది, అది ఆగడం చేతికి తెలియాలని. నరసన్న ఎదురుగా చక్రం పట్టుకుని కూర్చున్నాడు. పంక్చరుకు వచ్చిన మనిషి ఒకతను వాళ్లను చూసి సైకిలు గోడకు ఆనించి పోయాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఈరక్క చేతుల మీది పిండి చెమటకు ముద్దగా అంటుకుంది.

"సాయంత్రం దాకా ఇట్లనే పట్టుకుంటా" అంది.

"పట్టుకో. నేనూ యాడికీ పోను."

ఆమె ఇంకా ఏదో అనబోయింది. హ్యాండిల్ ఆమె చేతుల కింద, ఏ చప్పుడూ లేకుండా, ఎడమకు తిరిగింది. చివరిదాకా పోయింది.

నరసన్న తల ఎత్తి చూశాడు. పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది.