నైట్రేట్‌కి మూడు బొమ్మలు

మధ్యాహ్నం నుంచి మా భోజనాల బల్ల దగ్గర ఒకటే గొడవ. ఒక వైపు నా మనవరాలు, ఇంకో వైపు దాని నేస్తం. ఆ పిల్లని అందరం పిచ్చుక అంటాం. సన్నగా ఉంటుంది, నోరు మూయదు. నైట్రేట్ అయాన్‌కి లూయిస్ బొమ్మ చార్టు మీద వేసి, రేపు తరగతిలో ఇద్దరూ కలిసి చూపించాలి.

మధ్యలో నైట్రోజన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు. బంధానికి గుర్తుగా రెండింటికి ఒక్కో గీత, ఒకదానికి మాత్రం జంట గీత. మిగిలిన ఎలక్ట్రాన్లు చుక్కలు. అంతటినీ బ్రాకెట్లో పెట్టి, పై మూల చిన్న మైనస్. ఇద్దరూ చిత్తు కాగితాల మీద వేశారు. మనవరాలి జంట గీత ఎడమ ఆక్సిజన్‌కి పోయింది, పిచ్చుకది పై ఆక్సిజన్‌కి.

"నీది తప్పే పిచ్చుకా. పుస్తకంలో ఎడమకే ఉంది."

"మా అన్నయ్య నోట్సులో పైకే ఉంది. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టుకో, ఇరవై నాలుగూ ఉన్నాయి."

"నాకూ ఉన్నాయి!"

"మరి నాది తప్పెలా అయిందే? పెద్ద చెప్పొచ్చావు!"

"మొన్న నీ మాట వినేగా టీచరు చేత చీవాట్లు తిన్నాను."

పిచ్చుక ముఖం మాడిపోయింది. "సరే, రేపు టీచరుతో చెప్పి వేరే జత చూసుకుంటా. నువ్వూ, నీ చార్టూ" అని లేచింది. స్కేలు, పెన్నులు, ఆఖరికి అరిగిపోయిన రబ్బరు ముక్క కూడా ఏరి సంచిలో వేసుకుంది. తన బొమ్మను మాత్రం అక్కర్లేనట్టు బల్ల మీదే పారేసి పోయింది.

ఏదో ఒకటి మరిచిపోయి వెళ్ళేవాళ్ళ గురించి నాకు బెంగ ఉండదు, వాళ్ళు తిరిగొస్తారు. మా అక్క అలిగి వెళ్ళిన రోజు దువ్వెనతో సహా సర్దుకుంది. మళ్ళీ రాలేదు.

"వెళ్ళి పిలవవే చిట్టీ."

"నేనా? చచ్చినా పిలవను."

నాకు కాలు నిలవలేదు. కళ్ళజోడు పెట్టుకుని వాళ్ళ పుస్తకం తీశాను. బడి ముఖం చూడకపోయినా, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. వేలు పెట్టి పైకే చదివాను. మనవరాలు చూసిన ఎడమ బొమ్మ పేజీ చివర ఉంది. పేజీ తిప్పితే ఇంకో రెండున్నాయి, మధ్యలో రెండు కొనల బాణాలు. కొలిచి చూస్తే మూడు బంధాలదీ ఒకే పొడవని కింద రాశారు.

"అంటే ఈ జంట గీత వంతులేసుకుని మూడిళ్ళూ తిరుగుతుందన్నమాట" అన్నాను.

మనవరాలికి నవ్వాగలేదు. "తిరగడమేంటి అమ్మమ్మా, అదేమన్నా చుట్టమా? మూడు చోట్లా ఒకేసారి, సమానంగా ఉంటుంది. ఒక్క బొమ్మలో చూపించలేం కాబట్టి మూడూ..." అని ఆగిపోయింది. పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. పిచ్చుక కాగితాన్ని తన కాగితం పక్కన పెట్టుకుని చూసింది.

"దానిదీ రైటే" అంది చిన్న గొంతుతో.

"నాతో చెబితే ఏం లాభం?"

అది కత్తెర అందుకుంది. పిచ్చుక బొమ్మను కత్తిరించి చార్టు మీద మొదట అంటించింది. రెండోది తనది. మూడో చోటు ఖాళీగా వదిలి, చార్టు చుట్టుకుని చెప్పులేసుకుంది.

వీధి మలుపు దాకా కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల తలుపు తీయకపోతే? తీసి, మాట్లాడకపోతే? పాలు పొయ్యి మీద పెట్టి, పొంగినా చూసుకోలేదు.

మెట్ల మీద రెండు గొంతులు వినపడ్డాయి.

"కుడివైపుది నేనేస్తా."

"నీ చుక్కలు ఈగల్లా ఉంటాయే తల్లీ!"

"ఇప్పుడేగా సారీ చెప్పావు, అప్పుడే మొదలెట్టావా?"

చివరికి గీతలు ఒకరు, చుక్కలు ఒకరు వేశారు.

పొద్దు వాలాక పిచ్చుక వెళ్ళింది. బల్ల తుడవబోతే రబ్బరు ముక్క కనిపించింది. అలవాటు కొద్దీ గుమ్మం దాకా పరుగెత్తాను. "అమ్మాయ్, నీ రబ్బరు!"

"ఉండనీండి అమ్మమ్మగారూ! పొద్దున దీన్ని పిలవడానికి వస్తాగా" అంది కింది మెట్టు మీంచి.

రబ్బరు ముక్కను చార్టు పక్కనే పెట్టి, దీపం వేశాను.