పంచకం ఇంటి తాళం

నేను ఒక తాళంకప్పను. నోరు మూసుకుని వేలాడటమే నా ఉద్యోగం గనక ఇన్నాళ్ళూ నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడా ఉద్యోగం పోయింది.

పుట్టింది అలీగఢ్‌లో. మండపేటలో నన్ను మొదట కొన్నది ఒక సినిమాహాలు ఆసామి. హాలు మూతపడ్డాక ఒక హాస్టలు వంటవాడి చేతిలో పడ్డాను. పప్పుల గదికి నన్ను వేసేదీ అతనే, ఎవరూ చూడకుండా తీసేదీ అతనే. అక్కణ్ణించి పాత సామాన్ల దుకాణానికి చేరాను. అక్కడ దొరికాడు సత్తిరాజు. కొత్త తాళం దండగనుకునే రకం.

వాళ్ళమ్మ పెద్దకర్మ అయిన మర్నాడే నన్ను ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ వీధి తలుపుకి గొళ్ళెం ఉందిగాని తాళం పట్టి ఎరగదు. ఎప్పుడూ లోపల మనిషున్న ఇల్లు. తల్లి లేకపోతే చెల్లెలు వరహాలు. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి, వీధరుగు మీద ఇడ్లీలు వేసుకుని బతుకుతోంది.

కాకినాడలో సత్తిరాజు మొదలెట్టిన మేడ సగంలో ఆగింది. తల్లి ఇల్లు వెంటనే అమ్మేయాలి. వరహాలు సంతకం లేందే అమ్ముడుపోదు. ఆవిడ పెట్టదు.

"నా వాటా డబ్బు నేనేం చేసుకోనన్నయ్యా? అరుగు పోతే పొయ్యి ఎక్కడ పెట్టను?" అనేది.

అప్పుడతనికి తల్లి పోయిన వేళే అక్కరకొచ్చింది. ధనిష్ఠతో మొదలయ్యే అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే పంచకం అంటారు. ఆ ఇంట్లో నెలల తరబడి దీపం పెట్టకూడదు, మనిషి మసలకూడదు. ముసలావిడ మధ్యాహ్నం, శ్రవణం ఉండగానే కన్నుమూసింది. సత్తిరాజు పంతులుగారికి సాయంత్రమని చెప్పాడు. సాయంత్రానికి ధనిష్ఠ వచ్చేసింది.

"అదేంటన్నయ్యా, నా ఒళ్ళోనే కదా పోయింది! అప్పటికింకా బడి కూడా వదల్లేదు."

"నువ్వేమన్నా డాక్టరువా? డాక్టరొచ్చి పోయిందన్నది దీపాలవేళ. అప్పటిదాకా ఉన్నట్టే."

వీధి వీధంతా తలూపింది. వరహాలు పొయ్యి తీసుకుని సంత వెనకాల పాకలోకి పోయింది. అక్కడ బేరాలు లేవు. కడుపు మాడితే సంతకం అదే వస్తుందని సత్తిరాజు ధీమా. నేను తలుపుకి వేలాడాను.

ఇక చూడండి మనుషుల సంబడం. పాలబ్బాయి అవతలి వైపు నుంచి పోవడం మొదలెట్టాడు. లోపల ఎలుకలు గిన్నె దొర్లిస్తే, ముసలావిడ వంట చేస్తోందన్నారు. సత్తిరాజు మొదట్లో వచ్చి నన్ను లాగి చూసుకునేవాడు. తర్వాత అరుగు కింద నుంచే చూసేవాడు. ఈలోగా అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. పెళ్ళాం తాళంచెవిని ఇంట్లో ఉండనివ్వక పెరట్లో దానిమ్మ కొమ్మకి కట్టించిందట. తనల్లిన కథ తనకే నిజమై కూర్చుంది.

అప్పుడు తగిలింది బేరం. రామచంద్రపురం నుంచి గంగాధరంగారు. ఆషాఢం రాకుండా పాలు పొంగించాలని ఆయన తొందర. పంతులుగారు గుమ్మం బయటే శాంతి జరిపించి, "ముందు ఇంటివాళ్ళెవరైనా లోపల అడుగుపెట్టండి. మిగిలిన దోషం ఏదన్నా ఉంటే ఆ మనిషితో సరి" అన్నారు.

సంతకం కోసం సత్తిరాజు వరహాలునీ పిలిపించాడు. పస్తులకి ఒంగింది, వచ్చింది.

సత్తిరాజు తలుపు సందు వంకే చూస్తూ చెవి దూర్చబోతే, అది నా మొహమంతా గీరింది. నన్ను తీశాడు. తలుపు తోశాడు. అక్కడే ఆగిపోయాడు.

"పదండి సత్తిరాజుగారూ," అన్నారు గంగాధరంగారు.

"వరాలూ... నువ్వెళ్ళమ్మా ముందు. ఆడపడుచువి, లక్ష్మివి."

వరహాలు అతన్ని ఎగాదిగా చూసింది. "నీ కూతురి పెళ్ళిలో ఎదురు రావద్దని గదిలో కూర్చోబెట్టావు. ఇవాళ లక్ష్మినైపోయానా అన్నయ్యా?"

గంగాధరంగారు దగ్గారు. వరహాలు కుడికాలు పెట్టి లోపలికెళ్ళింది. కిటికీలు తెరిచిన చప్పుడు, ఆ వెనకే చీపురు చప్పుడు. చాలాసేపటికి, కొంగు నడుముకి దోపుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దోషం నాకు చుట్టుకుంది కదా. దీన్నేసుకుని ఇంకోళ్ళ గుమ్మం ఎలా తొక్కను? ఇక్కడే ఉంటాను."

"మరి సంతకమో?" అన్నాడు సత్తిరాజు.

"పెడతాను, నాకేం? పంచకం తగిలిన చెయ్యి. కొన్నాయన చల్లగా ఉండాలి కదా."

గంగాధరంగారు అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. "మళ్ళీ కబురు చేస్తామండి," అని కదిలారు. ఆ కబురు రాలేదు.

"తాళం నీదే, పట్టుకుపో అన్నయ్యా," అంది వరహాలు.

సత్తిరాజు నన్ను చెవితో సహా అరుగు మీద పడేసి, చేతులు కడుక్కుని బస్సెక్కాడు. మేడ ఇంకా సగంలోనే ఉందట.

వరహాలు మర్నాడే అరుగు మీద పొయ్యి వెలిగించింది. మొదట ఎవరూ రాలేదు. ఆకలేసిన ఒక రిక్షా అతను ఆగాడు.

"పంచకం ఇడ్లీలు. తింటావా?" అంది.

"చట్నీ ఏంటి?" అన్నాడతను.

ఆ తర్వాత వీధి కూడా వచ్చింది. మనిషి ఆకలి ముందు నక్షత్రాలు ఎంతసేపు నిలబడతాయి గనక.

ఇప్పుడా తలుపుకి లోపలి గడియ చాలు. కోసిన అరిటాకుల మీద నన్ను బరువుగా పెట్టింది, గాలికి ఎగిరిపోకుండా. చెవి నాలోనే ఉంది. ఎవరూ తిప్పరు. పొద్దున్నే ఇడ్లీ ఆవిరి తగిలి ఇత్తడి మీద చెమట పడుతుంది. పై ఆకు కావాలన్నప్పుడల్లా వరహాలు నన్నెత్తి పక్కన పెట్టి, ఆకు తీసుకుని, మళ్ళీ పెడుతుంది.