మొండి మోటారు

మోటారు వెంట్రుక మందం కూడా ఉండదు, మొండితనం మాత్రం కొండంత. కరెంటివ్వగానే ఒక్క చుట్టు తిరిగి, ఇక నా వల్ల కాదన్నట్టు అతుక్కుపోతుంది. దాన్ని తయారుచేసిన పిల్లను ఇంట్లో అందరూ నలుసు అంటారు. ఆ పేరు పెట్టింది అక్క మొగుడు. నలుసంత మోటార్లతో కాపురం చేసేదానికి వేరే పేరెందుకన్నాడు మహానుభావుడు.

మామూలు మోటారైతే చుక్క నూనెతో దారికొస్తుంది. దీనికి నూనె వేస్తే బంకలో పడ్డ చీమే. ఆ ముచ్చటా తీరింది. ఇవాళ సాయంత్రంలోగా తిరగకపోతే ఈ పని కట్టిపెట్టి వేరేది చూసుకోమన్నారు ప్రొఫెసరు. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరవుతుందని నలుసుకు ఏడుపొస్తోంది.

ల్యాబులో మోటారున్న గాజుపెట్టె మూత తీసి సూదితో సర్దుతుండగా గుప్పున వాసనొచ్చింది. తిరిగి చూడనక్కర్లేదు. బావకంటే ముందు ఆయన సెంటొస్తుంది, ఆయన వెళ్లినా అది వెళ్లదు.

"కళ్లజోడు మర్చిపోయావే తల్లీ," అంటూ బావ పెట్టె మీదికి వంగాడు. "వీడేనా? ఉలకడు, పలకడు!"

"బావా! ఆ కంపుతో లోపలికెందుకొచ్చావ్? సీసా మొత్తం ఒంపుకున్నావా? ముందు బయటికి నడు!" అని టక్కున మూత వేసేసింది.

బావ మొహం చిన్నబోయింది. కళ్లజోడు బల్లమీద పెట్టి గుమ్మంవైపు నడిచాడు. నలుసు విసుగ్గా స్విచ్చి నొక్కి, మైక్రోస్కోపులో కన్ను పెట్టింది.

మోటారు గిర్రున తిరుగుతోంది. ఆగదే! మూత తీసి గాలాడనిచ్చింది. ఠక్కున ఆగింది. అప్పుడు వెలిగింది బుర్ర. సెంటులో స్పిరిటుంది. దాని ఆవిరి మూతకింద చిక్కి, ఒరుసుకునే చోటల్లా పలచటి పొరలా పరుచుకుంది. నూనెలా బంక కట్టలేదు.

"బావా, ఆగు! ఆ సీసా జేబులో ఉందా?"

"ఉంటే?"

"ఇటియ్యి. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లొద్దులే. ఇంట్లో నన్ను చూడగానే కిటికీలు తెరవడం మానెయ్, చాలు."

సాయంత్రం ప్రొఫెసరు గదిలో అడుగుపెడుతూనే ముక్కు మూసుకున్నారు. "ఎక్కడిదమ్మా ఈ కంపు?"

గోడవారగా నిలబడ్డ బావ తల దించుకున్నాడు. పొద్దున ఆ మాటన్నది నలుసే. అయినా పరాయి నోట వినేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"కంపు కాదు సార్, కందెన," అంది గట్టిగా. "మా బావది. ముందు చూడండి."

ప్రొఫెసరు ముక్కు మూసుకునే మైక్రోస్కోపు మీదికి వంగారు. కాసేపటికి ఆ చెయ్యి దానంతటదే కిందికి జారింది.