కుట్టుమిషన్ పలకరింపు

కొడుకు దానిష్‌ను పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లిన పూటే అజ్మతున్నీసా అఫ్జల్‌గంజ్‌లో లుబ్నా పనిచేసే ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసుకు పరుగున వచ్చింది. బురఖా అంచుకు ఎంబ్రాయిడరీ జరీ దారాలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"లుబ్నా బేటీ, మన గల్లీల ఇంజనీర్ చదివింది నువ్వొక్కదానివే. నువ్వన్నా చెప్పు. మావోడు గట్లాంటోడా?"

"ఫికర్ చెయ్యకు ఖాలా. నేను చూస్త."

వాళ్లింటి కనెక్షన్ నుంచి బ్యాంకు పేరుతో కుప్పలకొద్దీ దొంగ మెయిళ్లు వెళ్లాయి. మోసపోయినవాళ్లు కేసు పెట్టారు. ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నది దానిష్‌కే. పోలీసులకు అదే చాలింది.

ఒకే కనెక్షన్ మీద నడిచే కంప్యూటర్లలో ఇలాంటి దొంగ మెయిళ్లు పంపేదేదో పసిగట్టడం ఆఫీసులో లుబ్నా పని. ఏ కంప్యూటరైనా అవతలిదాన్ని మొదట పలకరించే తీరులోనే దాని ఆపరేటింగ్ సిస్టమ్ బయటపడుతుంది, యాసను బట్టి మనిషిది ఏ జిల్లానో తెలిసినట్టు. ఆ మెయిళ్ల పలకరింపులన్నీ పాత విండోస్‌వి. దానిష్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. ఎక్కించి ఇచ్చింది లుబ్నాయే.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే ఖాలాను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి అంతా చెప్పింది.

ఎస్సై కైలాసం ఓపిగ్గా విన్నాడు. "మంచిగ చెప్పినవమ్మా. మరి గా పాత విండోస్ ఆ ఇంట్ల ఏడుంది?"

లుబ్నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఖాలా ఎంబ్రాయిడరీ మిషన్‌ను నడిపే కంప్యూటర్! ఆ మిషన్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు.

ఖాలా మాత్రం కొడుకు బయటపడ్డాడన్న సంబరంలో ఉంది. "నా మిషన్‌ది పాతదే సాబ్! మొన్ననే దానిష్ నెట్ వైరు పెట్టిండు. డిజైన్ల కోసం అమ్మీ బజార్ల తిరగొద్దని."

"అట్లనా? వైరు పెట్టింది పోరడేనన్నట్టు," అన్నాడు కైలాసం.

"నేనే పెట్టుకున్న సాబ్! నేనే!"

"ఇప్పుడే గద పోరడంటివి?"

"సార్, అది వైరస్ పట్టిన కంప్యూటర్," అంది లుబ్నా. "ఎవడో ఏడనో కూసొని నడిపిస్తుండు. వీళ్లకు తెల్వదు."

"ఉండొచ్చు. గది ల్యాబోళ్లు చెప్పాలె. అందాక కంప్యూటర్ సీజ్. పోరడు ఈడ్నే ఉంటడు."

సాయంత్రానికి కానిస్టేబుళ్లు ఖాలా ఇంటికొచ్చి కంప్యూటర్ ఎత్తుకుపోయారు. రంజాన్ ఆర్డర్ దుపట్టా మిషన్ ఫ్రేములోనే ఉండిపోయింది, పువ్వు సగంలో.

"బేటీ," అంది ఖాలా, "నువ్వు గా విండోస్ ముచ్చట చెప్పకుంటె మిషన్ సంగతి వాళ్లకు తెలుస్తుండెనా?"

లుబ్నాకు అబద్ధం చేతకాలేదు.

"తెల్వకపోతుండె ఖాలా."

అజ్మతున్నీసా చిన్న కత్తెర తీసుకుని, సూదికి వేలాడుతున్న దారం కత్తిరించింది.