బాయిలర్ మీది గది

అధికారి పేరెత్తితే చాలు, మా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా దేశంలో లాండ్రీ నడిపినన్నాళ్లూ బాయిలర్‌కు తనిఖీ, ముద్ర, మళ్లీ తనిఖీ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఒకటే సణుగుడు. సరిహద్దు దాటితే ఆ బెడదే లేదని ఎవరో చెవిన వేశారు. అంతే, ఆ పాత బాయిలర్‌ను లారీ ఎక్కించాడు. పాపను ఎత్తుకుని నేనూ ఎక్కాను. నా మాట ఎవరు విన్నారు కనుక!

చెప్పినవాళ్లు నిజమే చెప్పారు. ఇక్కడ తనిఖీకి ఎవరూ రాలేదు. పక్కనున్న బేకరీ పెద్దావిడ మాత్రం వచ్చింది. బాయిలర్ వైపు కన్నెత్తైనా చూడకుండా మెట్లెక్కి, దానికి సరిగ్గా పైనున్న గదిలో నిలబడి, మంచం ఎప్పుడు వేస్తారని అడిగింది. ఈ వీధి పద్ధతి అదట. నిప్పుతో, ఆవిరితో బతికేవాళ్లు పెళ్లాం పిల్లలతో దాని నెత్తిమీదే కాపురం ఉండాలి. ఆవిడ మనవలు భట్టీ మీది గదిలోనే పెరిగారు. మా మంచం పైన పడితేనే వీధిలోవాళ్లు మాకు బట్టలు వేస్తారు.

మా ఆయన పగలబడి నవ్వాడు. ఇంతకన్నా తేలికైన ముద్ర ఇంకెక్కడ దొరుకుతుందన్నాడు. అంటూనే నవ్వు ఆపేశాడు. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, ఏదో దాస్తున్నాడని ఆ మాత్రం కనిపెట్టలేనా?

మర్నాడు బాయిలర్ వెలిగించాలి. మంచం పైకి చేర్చమంటే నడుం పట్టేసిందన్నాడు. గదిలో చెమ్మ అన్నాడు. పాపకు దగ్గొస్తుందన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే కక్కాడు. ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకోవాల్సిన వాల్వ్ ఎప్పుడో బిగుసుకుపోయిందట. అక్కడి అధికారి చేయి తడిపి ముద్ర వేయించుకుంటూ వచ్చాడట. ఇన్నాళ్లూ ఏం కాలేదు, ఇప్పుడూ ఏం కాదన్నాడు. అలాగైతే పాపను పైనే పడుకోబెడదాం రమ్మన్నాను. తల దించుకున్నాడు.

తల ఎత్తకుండానే అన్నాడు: "పొరుగూరి నుంచి వచ్చి ఇస్త్రీ పనికి కుదిరినామె ఉండటానికి చోటు లేదంటోంది కదా. చంటిదాన్ని తీసుకొచ్చుకుని పైగదిలో ఉండమందాం. అద్దె కూడా వద్దులే."

ఆ మాట మళ్లీ ఎత్తితే ఊరుకోనన్నాను. మళ్లీ ఎత్తలేదు, నాకు తెలియకుండా ఆమెకు కబురు పంపాడు.

తెల్లారేసరికి వీధివాళ్లు మూటలతో మా గుమ్మంలో ఉన్నారు. ఆమె చాప చంకన పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. పాపం, చోటు దొరికిందని ముఖం వెలిగిపోతోంది. ఈ పిల్ల ఎవరి పిల్లని బేకరీ పెద్దావిడ అడిగింది. మా చెల్లెలి కూతురే, మా ఇంటి పిల్లేనని మా ఆయన తడుముకోకుండా చెప్పాడు.

ఆవిడ సరేనంది. నమ్మేసింది. మా దేశంలో ఎవరినైనా ఒక్క మాటకు ఇలా నమ్ముతారా? ఒకప్పుడు నమ్మేవాళ్లేమో. ఎవడో ఇలాగే పరాయి పిల్లను పైన పడుకోబెట్టి ఉంటాడు. అధికారులూ ముద్రలూ ఆ తర్వాతే వచ్చి ఉంటాయి. మా ఆయన ఇన్నాళ్లూ తిట్టింది తనలాంటివాడు తెచ్చిపెట్టినదాన్నే.

వెళ్లి మెట్లకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆ పిల్ల మా పిల్ల కాదమ్మా. మా పిల్ల ఇదిగో, నా దగ్గరుంది. దీన్ని పైన పడుకోబెట్టే ధైర్యం మాకు లేదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎవరి మూట వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. మా ఆయన అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. ఇస్త్రీ పనికి వచ్చినామె సంగతి అర్థమై, పిల్లను గట్టిగా పొదువుకుని, నా వైపు చూడకుండా వెళ్లింది. పెద్దావిడ మాత్రం గుమ్మం దాటుతూ ఆగింది.

"ఇక నుంచి ఎవరి పిల్ల అని కూడా విచారించుకోవాలి కాబోలు," అంది.

తర్వాత వాల్వ్ మార్చాం. మంచం పైకెక్కించాం. పాప ఆ గదిలోనే నడక నేర్చింది. అయినా ఒక్క మూట రాలేదు.

ఏడాది తిరక్కుండా ఈ వీధికి మొదటి అధికారి వచ్చాడు. వీధివాళ్లే అర్జీ పెట్టుకున్నారట. మా బాయిలర్ చూసి, ముద్ర వేసి, ఆ వరసలోనే బేకరీకి వెళ్లాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పైగదిలో మనవల మంచాల మధ్య నిలబడి అతను ఏవో ప్రశ్నలు వేస్తున్నాడు. పెద్దావిడ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన భట్టీ మంచిదేనని ఒక పరాయివాడికి చెప్పుకుంటోంది.