నీలి అంచు గిన్నె

ఐర్లండులోని అత్లోన్‌లో ఆ ఏప్రిల్ నెలంతా జ్ఞానేశ్వరి రోజుకొక అబద్ధం చొప్పున ఆడింది. అన్నీ ఒకే చేప గురించి, ఒకే మనిషితో, ఒకే గోడ మీదుగా.

ఆ మనిషి పక్కింటి ఫింటన్ గారు. డెబ్బై ఎనిమిదేళ్లు. కరోనా వల్ల డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పి అప్పటికి వారమైంది. మిగిలినవాళ్లు ఒంటి ఆరోగ్యం కోసం ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దాకా నడవొచ్చు. లాఖ్ రీ సరస్సు వాళ్ల ఇళ్లకి కిలోమీటరున్నర. అంటే జ్ఞానేశ్వరికి అందుతుంది, ఆయనకి అందదు. యాభై ఏళ్లుగా ప్రతి వసంతంలోనూ ఆ ఒడ్డున గాలం వేసిన మనిషి ఇప్పుడు పెరట్లో కుర్చీ వేసుకుని, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూస్తూ కూర్చునేవారు.

జ్ఞానేశ్వరి భర్త కృష్ణప్రసాద్ మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లోకమంతా ఆగినా మందులు ఆగకూడదు కాబట్టి అతను రోజూ పనికి వెళ్లేవాడు. బడి మూసేశారు కాబట్టి పదకొండేళ్ల కూతురు ఆమని రోజూ ఇంట్లోనే ఉండేది. ఈ రెంటి మధ్యా జ్ఞానేశ్వరి వంట చేసేది. ఆమె ఎమ్మెస్సీ జువాలజీ. చేప లోపలి భాగాలన్నిటికీ కాలేజీలో లాటిన్ పేర్లు నేర్చుకుంది. అందులో ఏవి పులుసులోకి పనికొస్తాయో అమలాపురంలో అంతకు చాలా ముందే తెలుసు.

ఫింటన్ గారికి పాలు, బ్రెడ్డు, టీ పొట్లాలు ఆమే తెచ్చి గోడ మీద పెట్టేది. ఒకరోజు ఆయన నీలి అంచున్న పింగాణీ గిన్నెలో ఆపిల్ టార్ట్ పెట్టి అదే గోడ మీద ఉంచారు. రెండు రోజుల తర్వాత గాలం కర్ర ఉంచారు.

"నువ్వెలాగూ నడకకి వెళ్తావు కదా నెస్సా. నా బదులు ఒకసారి వేసి, నోరా వచ్చిందేమో చూసిరా," అన్నారు. జ్ఞానేశ్వరి అనే పేరు ఆయన నాలుకకి ఎక్కక, మొదటి వారంలోనే దాన్ని కోసి నెస్సా చేశారు.

నోరా అంటే పైక్ చేప. మన కొర్రమేనులా పొడుగు, బాతు మూతి, నోటినిండా పళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఫింటన్ గారి గాలానికే దాని కింది దవడ ఎడమ పక్కకి వంకరపోయింది. అప్పటినుంచి ఏటా గుడ్లు పెట్టడానికి రెల్లులోకి వచ్చినప్పుడు ఆయన దాన్ని ఒక్కసారి పట్టి, క్షేమం కనుక్కుని, నీళ్లలో వదిలేస్తారు. ఎన్నడూ నవ్వి ఎరగని తన మరదలి పేరు దానికి పెట్టారు.

"అది కనబడిందంటే ఆ ఏడు నాకూ గట్టెక్కినట్టే," అన్నారు ఆయన, ఆమె వైపు కాక పాల డబ్బా వైపు చూస్తూ.

పట్టినదాన్ని వదలడమేమిటో జ్ఞానేశ్వరికి అర్థం కాలేదు. భోజనానికి పిలిచి, విస్తరేసి, లేపేసినట్టు అనిపించింది. అయినా సరేనంది. గాలం కర్రని ముక్కలుగా విప్పి, యోగా చాపలో చుట్టి చంకన పెట్టుకుంది. దారిలో గార్డ, అంటే అక్కడి పోలీసు, ఆపి ఎక్కడికని అడిగితే, వ్యాయామానికని చెప్పింది. చాప చూసి, 'గ్రాండ్', అంటే సరే వెళ్లమని, అతను వదిలేశాడు.

రెల్లు పక్కన చెంచాలా మెరిసే రేకు విసిరి లాగుతుంటే మూడోసారికే కర్ర వంగింది. కాలవ గట్ల మీద తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న విద్య చేతుల్లోకి తనంతట తానే వచ్చేసింది. పావుగంట పెనుగులాడాక చేప గడ్డి మీదికొచ్చింది. చేతి పొడుగుంది. పొట్ట నిండుగా ఉంది.

కింది దవడ ఎడమ పక్కకి వంకరగా ఉంది.

ఇంత పెద్ద సరస్సులో దవడ వంకరైన చేప ఇదొక్కటే ఎందుకవుతుంది, అనుకుంది జ్ఞానేశ్వరి. పళ్లు అంత కోపంగా ఉన్నాయి, నోరా అంటే ఇంకా పెద్దమనిషిలా ఉండొచ్చు, అని కూడా అనుకుంది. నెల రోజులుగా ఇంట్లో ఫ్రీజర్‌లోని తెల్లటి, ముల్లు లేని, రుచి లేని చేప ముక్కలు తప్ప ఏమీ లేవు. ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది. చెయ్యి రాయి వెతుక్కుంది.

తిరిగొస్తుంటే యోగా చాప ఇంకాస్త లావుగా ఉంది. అదే గార్డ, ఒళ్లు బాగా సాగిందా అని పలకరించాడు. సాగిందని చెప్పింది.

సింకులో కోస్తే రెండు సంచుల జన బయటపడింది. ఒక పైక్ పొట్టలో ఎన్ని వేల గుడ్లుంటాయో ఆమెకి కాలేజీ చెప్పింది. ఆ సంఖ్యని గుర్తు చేసుకోకుండా ఉప్పూ పసుపూ రాసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆమని, "మమ్, దట్స్ నోరా, ఇజింట్ ఇట్?" అని అడిగి, ఆ రోజంతా చీజ్ టోస్ట్ తింటానని చెప్పి వెళ్లిపోయింది.

పులుసు మరిగేసరికి వాసన గోడ దాటింది. ఫింటన్ గారు ఏమిటని అడిగారు. కొన్న చేపేనని చెప్పింది. ఇంకేం, ఆయన గిన్నె తన దగ్గరే ఉంది. ఎవరి గిన్నైనా ఖాళీగా వెనక్కి పంపకూడదు; ఆ సంగతి ఆయనకి టార్ట్ అందుకున్న రోజే గొప్పగా చెప్పింది కూడా. తప్పు చేసిన చెయ్యి మామూలుగా కంటే ధారాళంగా వడ్డిస్తుంది. జ్ఞానేశ్వరి వాళ్లింట్లో తలకాయ ముక్క ఎప్పుడూ ఇంటి పెద్దకే. ఇక్కడ తన చుట్టుపక్కల ఉన్న పెద్ద ఆయనొక్కరే. గిన్నెలో తలకాయ పెట్టి, పైన పులుసు పోసి, కొత్తిమీర చల్లి గోడ మీద పెట్టి వచ్చాక ఆమె మనసు కొంచెం తేలికపడింది.

కృష్ణప్రసాద్ మూడుసార్లు కలుపుకుని, "ఎక్కడ దొరికిందే ఇది?" అన్నాడు. పోలండువాళ్ల పోలిష్ కొట్లో అంది.

మర్నాడు పొద్దున్న ఫింటన్ గారు గోడ దగ్గరే నిలబడి ఉన్నారు. "నోరా కనబడిందా?"

లేదని చెబుదామనే ఆమె నోరు తెరిచింది. ఆయన గోడ అంచుని రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నారు. గట్టెక్కడం గురించి ఆయన అన్న మాట గుర్తొచ్చింది.

"వచ్చిందండీ. పట్టి వదిలేశాను," అంది.

ఇక అక్కడినుంచి రోజూ అదే. బరువెంత, రంగెలా ఉంది, ఒడ్డుకొచ్చాక ఎలా చూసింది, వదిలాక వెంటనే వెళ్లిందా, కాసేపు ఆగిందా. ఆయన ఒక్కొక్కటీ తీరిగ్గా అడిగేవారు. ఆమె ఒక్కొక్కటీ తీరిగ్గా అల్లేది. నోరాకి ఒకరోజు జలుబు చేసినట్టుంది. ఒకరోజు హంసని తరిమింది. రాత్రి పడుకోబోయే ముందు మర్నాటి నోరాని సిద్ధం చేసుకోవలసి వచ్చేది. ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. వంటింటి కిటికీలోంచి విని ఆమని ఒకసారి, "మమ్, యూ ఆర్ గెట్టింగ్ వెరీ గుడ్ ఎట్ దిస్," అంది. మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. రెండూ తనకి చెందుతాయనే అనిపించింది.

మే అయిదున ప్రభుత్వం డెబ్బై దాటినవాళ్లని కూడా నడకకి వదిలింది. ఎనిమిది గంటలకల్లా ఫింటన్ గారు బూట్లేసుకుని గేటు దగ్గరున్నారు. "పద నెస్సా, చూపిద్దువుగాని," అన్నారు.

రెండు మీటర్ల ఎడంలో ఇద్దరూ నడిచారు. రెల్లు పక్కన ఆయన మడత కుర్చీ వేసుకుని గాలం విసిరారు. గంట గడిచింది. ఆయన కాళ్ల కింద ఉన్నది తను రాయి వెతుక్కున్న చోటే. రెండో గంట గడిచేసరికి చలికి ఆయన ముక్కు ఎర్రబడింది. ఇంటికి వెళ్దామా అంటే, ఇంకాసేపు చూద్దాం, పాపం వస్తుందేమో, అన్నారు. ఆ 'పాపం' ఆమెకి తగలవలసిన చోట తగిలింది.

"ఫింటన్ గారూ, నోరా రాదండీ."

"తెలుసు."

"కాదండీ, నేనే దాన్ని..."

"తల నాకే పంపావు కదా నెస్సా," అన్నారాయన నీళ్లమీంచి చూపు తిప్పకుండా. "ఆ దవడ వంచినవాణ్ణి నేను. కొత్తిమీర చల్లితే గుర్తుపట్టననుకున్నావా?"

జ్ఞానేశ్వరి గడ్డి మీద కూర్చుంది. తమ ఇళ్లలో తలకాయ అందరికంటే గౌరవమైన మనిషికి పెడతారని చెప్పింది. ఆయన తన సొంత మనుషులు గౌరవం కొద్దీ ఇంతవరకూ తనకి మేజోళ్లు మాత్రమే ఇచ్చారన్నారు.

"మరి నెల రోజులూ ఎందుకడిగారు?"

"మొదటిరోజే చెప్పేస్తావనుకున్నాను. చెప్పలేదు. రెండో రోజు కోపంతో అడిగాను. తర్వాత్తర్వాత హంస అవీ వచ్చాయి." ఆయన దారం చుట్టడం మొదలుపెట్టారు. "ఇంట్లో ఇంకెవరూ లేరుగా."

కర్ర ముక్కలు విప్పి సంచీలో పెట్టుకున్నాక, అప్పుడు అడిగారు. "గుడ్లతో ఉందా?"

ఇంకొక్క అబద్ధం ఆడొచ్చు. నెల రోజుల సాధన ఉంది, తడుముకోనక్కర్లేదు.

"ఉందండీ," అంది.

ఆయన తలూపారు. ఇద్దరూ ఇంటి దారి పట్టారు. వచ్చేటప్పటి రెండు మీటర్లు ప్రభుత్వం పెట్టినవి. వెళ్లేటప్పటివి ఆయన పెట్టినవి.

మూడు రోజులు గోడ మీద ఏమీ కనబడలేదు. ఆమె పెట్టిన పాలు మాత్రం మాయమయ్యేవి. నాలుగో రోజు పొద్దున్న నీలి అంచు గిన్నె ఉంది. దాని నిండా ఎర్రటి రుబార్బ్ కాడలు, అంగుళం అంగుళం ముక్కలు చేసి. ఫింటన్ గారు కుర్చీలోంచి లేవకుండానే, తలని ఆ రుబార్బ్ మొదట్లోనే పాతిపెట్టానని, ఈ ఏడు పెరిగినంత బాగా అది ఎప్పుడూ పెరగలేదని చెప్పారు. "గిన్నె ఖాళీగా పంపకూడదని నువ్వే కదా అన్నావు."

రుబార్బ్ పుల్లగా ఉంటుంది. అత్లోన్‌లో గోంగూర లేనివాళ్లకి అదే గోంగూర. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పప్పు చేసింది. కృష్ణప్రసాద్ ఫ్యాక్టరీ నుంచి రాగానే ముద్ద నోట్లో పెట్టుకుని, ఎక్కడిదని మళ్లీ అడిగాడు. ఈసారి పోలిష్ కొట్టు మీదికి తోసెయ్యలేదు. యోగా చాప దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. అతను రెండో ముద్ద చాలాసేపు చేతిలోనే ఉంచుకుని, చివరికి తినేశాడు.

ఆమె మాత్రం తన కంచం పక్కకి జరిపింది.

గిన్నె కడిగి తుడిచింది. ఏం పెట్టి పంపాలో తోచక దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. లడ్డూలు చేస్తే తప్పించుకున్నట్టు ఉంటుంది. ఆఖరికి ఆ పప్పే వేడిగా పోసి, మూత పెట్టి, గోడ మీద ఉంచి, లోపలికి పారిపోకుండా అక్కడే నిలబడింది.

ఫింటన్ గారు వచ్చి మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూశారు.

"ఇందులో ఎవరున్నారు?"

"మళ్లీ నోరాయేనండీ," అంది జ్ఞానేశ్వరి.

ఆయన ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, చెంచా కోసం లోపలికి వెళ్లారు.