పాత చొక్కా ఒకటి

టైలరమ్మ చేసిన తప్పల్లా ఒక్కటే. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన కాగితంలో "మీరు బాధితులా?" అన్న ప్రశ్న పక్కన రెండు గడులుంటే, "కాదు" అన్న గడిలో టిక్కు పెట్టింది. పెట్టదూ మరి! తాగి కారు నడిపినవాడు గుద్దితే రోడ్డు మీద పడింది తమ్ముడు. పోయింది వాడు. తను నిక్షేపంగా ఉంది. అలాంటిది "నేను బాధితురాలిని" అని రాసుకుంటే, వాడి బాధని కూడా తనే లాక్కున్నట్టు అనిపించింది. ఆ కాగితం పుచ్చుకున్న పెద్దమనిషి నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది? చెప్పలేదు. ముద్ర గుద్ది, ట్రేలో పడేసి, "తర్వాతెవరు?" అని కేకేశాడు.

ఆ టిక్కు పుణ్యమా అని ఏడాదిన్నర పాటు ఆవిడకి ఒక్క కబురూ అందలేదు. వాయిదాలు పడ్డాయి, సాక్షులు వచ్చి చెప్పి వెళ్లారు, కారు నడిపినవాడికి శిక్ష కూడా పడింది. చివరికి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి షాపుకొచ్చిన ఒకాయన మాటల్లో అన్నాడు: "మీ చిన్నోడి కేసు తేలిపోయిందటగా అమ్మా? అదేంటి, మీకు తెలీదా?"

ఆవిడ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. శిక్ష ఎంత పడిందో అడగలేదు.

"మరి వాడి చొక్కా ఏమైంది?" అంది.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఈవిడకి పదిహేడు. అప్పట్నించీ వాడు తొడుక్కున్న ప్రతి చొక్కా ఈవిడ చేత్తో కుట్టిందే. చిన్నతనంలో మెట్ల మీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ చెయ్యి అర అంగుళం పొట్టిదైంది. బజార్లో కొన్న చొక్కా వేస్తే ఎడమవైపు వేళ్ల మీదకి జారేది. అక్క కుట్టినవి వేసుకుంటే మాత్రం ఎవరూ కనిపెట్టలేకపోయేవారు. ముప్పై ఏళ్లొచ్చాక కూడా "నా చెయ్యి గుట్టు నీకూ నీ టేపుకూనే తెలుసక్కా" అనేవాడు.

ఆ రోజు కొత్త ఉద్యోగంలో చేరుతున్నాడు. లేత నీలం మీద సన్నగీతల చొక్కా. ఇంకొక్క గుండీ మిగిలి ఉండగానే వచ్చి, చేతిలోంచి లాగేసుకుని తొడిగేసుకున్నాడు.

"ఒరేయ్, ఆగరా! కింద నుంచి రెండోది ఉండిపోయింది. రెండు నిమిషాలు!"

"బస్సు నీ కోసం ఆగుతుందా? సాయంత్రం కుట్టుదువులే."

"అయితే ఆ డబ్బాలో పిన్నీసుంది, పెట్టుకుని పో."

"టైలరమ్మ తమ్ముడు పిన్నీసుతోనా! నీ పరువేం గాను?"

అలా నవ్వుతూనే దిగిపోయాడు. ఆస్పత్రిలో ఆవిడకి మొహం వరకే చూపించారు. బట్టలు అప్పటికే పోలీసులు పట్టుకుపోయారు. సాయంత్రం కుట్టాల్సిన గుండీ ఆవిడ పర్సులో ఉండిపోయింది. రోజూ ఆరింటికి షాపు ముందు బస్సు ఆగగానే తల ఎత్తి చూస్తుంది. దిగేవాళ్లందరూ దిగిపోయేదాకా చూస్తుంది. రాడని తెలీదా? తెలుసు. ఆ మెడకి తెలియడం లేదు, అంతే. వాడు కావాలి ఆవిడకి. వాడు ఎలాగూ రాడు కాబట్టి, కడసారి వాడి ఒంటి మీదున్న ఆ చొక్కా అయినా కావాలి.

కేసు కబురు తెలిసిన మర్నాడు బుధవారం, షాపు మూసి కోర్టుకి వెళ్లింది. వస్తువులు దాచే గదిలో గుమాస్తా కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఫైలు తిరగేశాడు.

"మీరు సాక్షా?"

"కాదు బాబూ, వాడి అక్కని."

"బాధితులా?"

గుమాస్తా ఆ పాత కాగితం తీసి గడి మీద వేలు పెట్టాడు. "ఇదిగో, కాదని మీరే రాసిచ్చారు. కాదన్నవాళ్లకి ఎలా ఇస్తానమ్మా? ఎవరూ అడగని సామాన్లు శుక్రవారం తగలబెట్టేస్తారు."

"నేను అడుగుతున్నాను కదయ్యా!"

"అడగాల్సినవాళ్లు అడగాలి" అని ఫైలు మూసేశాడు.

వరండాలో బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. ఎదురుగా ఒక బల్ల, దాని వెనక "బాధితుల సహాయ కేంద్రం" అని బోర్డు. పొద్దుట్నించి రెండుసార్లు దాని ముందు నుంచే నడిచింది. తన కోసం కాదనుకుంది, అమాయకురాలు. బల్ల దగ్గరున్న కుర్ర లాయరమ్మే లేచి వచ్చింది.

"ఏంటక్కా, ఏమైంది?"

ఆ పిలుపు చెవిన పడి ఏడాదిన్నర. ఏడుపు ఆగకపోగా ఇంకా ఎక్కువైంది. అంతా విన్న లాయరమ్మ నెత్తి కొట్టుకుంది.

"చట్టంలో 'బాధితులు' అన్న మాటకి దెబ్బ తగిలినవాళ్లని మాత్రమే అర్థం కాదక్కా. మనిషి పోతే ఇంటివాళ్లు కూడా బాధితులే. వాయిదా ఎప్పుడో మీకు చెప్పాలి. శిక్ష వేసే ముందు మీరు చెప్పేది వినాలి. కేసు అయిపోయాక మీ తమ్ముడి వస్తువులు మీకే ఇవ్వాలి. దయ తలిచి కాదు, అది మీ హక్కు."

"ఇన్నాళ్లూ ఒక్కళ్లు చెప్పలేదేమ్మా!"

"చెప్పడం వాళ్ల పని. చెప్పలేదు కాబట్టి దాని మీద ఫిర్యాదు రాద్దాం. ముందు చొక్కా సంగతి చూద్దాం. జడ్జిగారికి అర్జీ పెట్టాలి, రాయండి."

ఆవిడ కలం పట్టుకుని కూర్చుంది. "వాడి బాధని నాదని ఎలా రాయనమ్మా?"

"వాడిది రాయకండి. మీకేం పోయిందో అది రాయండి."

చాలాసేపటికి ఒక్క వాక్యం రాసింది: "సాయంత్రం ఆరింటికి బస్సు ఆగితే ఇప్పటికీ తల ఎత్తి చూస్తున్నాను." దాని కింద, "నేను బాధితురాలిని" అని రాసి సంతకం పెట్టింది. లాయరమ్మ అది చదివి, పట్టుకుని జడ్జిగారి గది వైపు నడిచింది.

శుక్రవారం పొద్దున్నే ఆర్డరు చేతిలో పెట్టుకుని ఇద్దరూ వెళ్లారు. గుమాస్తా ఆర్డరు అటూ ఇటూ తిప్పాడు. "మా రిజిస్టర్లో 'పాత చొక్కా ఒకటి' అని మాత్రమే ఉంది. నంబరు చీటీలు ఊడిపోయినవి లోపల నాలుగున్నాయి. అన్నీ నీలం గీతలవే. మీదేదో ఎలా తెలుస్తుంది?"

"పాతదేంటి? ఆ పొద్దున్నే మొదటిసారి తొడుక్కున్నాడు!" టైలరమ్మకి ఒళ్లు మండింది. బ్యాగులోంచి టేపు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఎడమ చెయ్యి అర అంగుళం పొట్టి. కొలవండి."

కొలిచాడు. మొదటిది కాదు, రెండోది కాదు. మూడోదాని చేతులు రెండుసార్లు కొలిచి, టేపు కింద పెట్టి, మెల్లిగా అన్నాడు: "ఇదేనమ్మా."

"ముందు 'పాత' అన్న మాట కొట్టేయండి. అప్పుడే సంతకం పెడతాను."

"రాసినవాడి తప్పేం లేదమ్మా. మీరే చూడండి, కొత్త చొక్కాకి ఎవరైనా పిన్నీసు పెట్టుకుంటారా?"

ఆవిడ వంగి చూసింది. గోధుమరంగుకి తిరిగిన మరకల మధ్య, కింద నుంచి రెండో గుండీ ఉండాల్సిన చోట, తుప్పు పట్టిన పిన్నీసు. అంత వెక్కిరించినవాడు డబ్బాలోంచి ఎప్పుడు తీశాడో! ఏ బస్సులో నించుని పెట్టుకున్నాడో!

"వెధవ!" అంది ఆవిడ. "చెప్పిన మాట విన్నాడమ్మా!"

గుమాస్తా రిజిస్టర్లో "పాత" కొట్టేసి "కొత్త" అని రాశాడు. బాధితురాలు అన్న చోట ఆవిడ సంతకం పెట్టింది. వరండా బెంచీ మీద కూర్చుని పర్సు తెరిచింది. గుండీ, దారం ఎక్కించిన సూది ఇంటి దగ్గరే సిద్ధం చేసి తెచ్చుకుంది.

పిన్నీసు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"కుట్టరా అక్కా?" అంది లాయరమ్మ.

"కుట్టాలంటే ఇది తియ్యాలి" అంది టైలరమ్మ. "వాడి చేత్తో పెట్టుకున్నాడు. ఉండనీ."

గుండీని చొక్కా జేబులో వేసి, దాని ఎడమ చెయ్యి ఎవరికీ కనపడకుండా లోపలికి మడిచి, చొక్కాని ఒళ్లో పెట్టుకుంది.